ఎర్ర ఊలు దారం

లెనిన్స్క్, జనవరి

తాయా అక్కకి,

రేపు పొద్దున్నే ప్రయాణం. ఈ మైదానంలో చలి ఎంతుందంటే, మీసం ఉన్నవాళ్ళందరికీ అది గడ్డకట్టుకుపోయింది. నాకు లేదు కాబట్టి ముక్కుతో సరిపెట్టుకుంటున్నాను.

ఇందాక గదిలో, ప్రయాణం ముందు ఆచారమని, అందరం నోరు మూసుకుని కాసేపు కూర్చున్నాం. అమ్మ మనల్ని ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టేది కదా, "కూర్చోండర్రా, ఏం మర్చిపోయారో గుర్తొస్తుంది" అని. నాకు నిజంగానే గుర్తొచ్చింది. నీకు ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను.

పైన అంతరిక్ష స్టేషన్లో ఉన్నంతకాలం మాకు చెడ్డ కబురు చెప్పరు. అది ఇక్కడి పద్ధతి. మా వాళ్ళలో ఒకాయన ప్రతి ఆదివారం రేడియోలో "నాన్న ఎలా ఉన్నాడు?" అని అడిగేవాడట. కిందివాళ్ళు "బాగున్నాడు, నిన్ను అడుగుతున్నాడు" అనేవారట. దిగి స్ట్రెచర్ మీద పడుకున్నాక చెప్పారు, తండ్రి పోయి చాలా రోజులైందని. పాపం, వాళ్ళ ఉద్దేశం మంచిదే. మనసు చెదిరితే పైన చెయ్యి తప్పుతుందని వాళ్ళ భయం. కానీ నాకలా జరగకూడదు అక్కా. అమ్మ గుండె సంగతి నీకూ నాకూ తెలుసు.

ఉత్తరాలు కూడా చదివాకే పైకి పంపుతారు. అందుకని మనం ఒక ఏర్పాటు చేసుకుందాం. ఏప్రిల్లో మా యెఫిమ్ నడిపే నౌక మాకు సామాను తెస్తుంది. మనుషులు ఇద్దరే, మూడో కుర్చీలో నీళ్ళ పంపు, ఫిల్ములు, తిండి కట్టేస్తారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో చిన్న గుడ్డ సంచి రానిస్తారు. వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు ఆ మూడో కుర్చీ ఖాళీ. అమ్మకి బాగా లేకపోతే నేను అందులో వచ్చేస్తాను. పన్ను నొప్పి అంటే చాలు, డాక్టర్లే దింపేస్తారు. స్టేషన్లో ఇంకా ఇద్దరుంటారు, పని ఆగదు. ఆ కుర్చీ తప్పితే నేను దిగేది మళ్ళీ అక్టోబరులోనే.

సంచిలో వెల్లుల్లిపాయ పెడితే అమ్మ బాగుంది, ఉండమని అర్థం. ఉల్లిపాయ పెడితే రమ్మని. అందరి ఇళ్ళ నుంచీ అవే వస్తాయి కాబట్టి కలిసిపోకుండా దాని మెడకి ఎర్ర ఊలు దారం కట్టు. అమ్మకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. తెలిసిందంటే మంచం దిగి డాన్సు చేసి మరీ బాగున్నానంటుంది.

నీ తమ్ముడు,
గ్లేబ్


కీనెష్మా, ఏప్రిల్

ఒరేయ్ గ్లేబ్,

రేపు రొట్టెల ఫ్యాక్టరీలో సెలవు పెట్టి మాస్కో రైలెక్కుతున్నాను, ఈ ఉత్తరం, సంచి యెఫిమ్ భార్యకి ఇచ్చి రావడానికి. నీ మూలంగా మా సూపర్‌వైజరు నాకు అడగ్గానే సెలవు ఇస్తోంది. నువ్వు కిందకి దిగాక మళ్ళీ మామూలే, కాబట్టి దొరికినప్పుడే వాడుకుంటున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. వోల్గా మీద మంచు విరుగుతోంది, రాత్రంతా ఒకటే చప్పుడు. అమ్మ బాగానే ఉంది. ఈమధ్య కాస్త ఎక్కువసేపు పడుకుంటోంది, అంతే.

అమ్మ గొడవ ఒకటి చెప్పాలి. నువ్వు మన ఊరి మీదుగా పోయే వేళ పేపర్లో వేస్తున్నారు. సాయంత్రం చీకటి పడే ముందు నక్షత్రంలా ఒకటి పాకుతూ పోతుంది. ఆ వేళకి అమ్మ పెరట్లోకి వెళ్ళి, తెల్ల తువ్వాలు తీసి ఊపుతుంది. పక్కింటి అగ్రఫేనా కంచె మీంచి తొంగి చూసి, "ఏమిటొదినా, దోమలా?" అంది. "కళ్ళు కనబడట్లేదా? మావాడు పోతున్నాడు" అంది అమ్మ. నేను కోప్పడ్డాను, చలిలో ఎందుకే అని. ఏమందో తెలుసా? "కింద ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి వచ్చేవాడు. ఇప్పుడు రోజూ వస్తున్నాడు. నాకిదే బాగుంది, నోర్ముయ్" అంది.

నువ్వు చూశావో లేదో అడగమంది. తప్పకుండా జవాబు రాయి, లేకపోతే నా ప్రాణం తీస్తుంది.

సంచి నేనే సర్ది కుట్టాను. నా కుట్టు చూసి అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ముప్ఫై ఏళ్ళు మగ్గం దగ్గర నిలబడ్డదాని ఇంటి నుంచి ఇలాంటి కుట్టు ఆకాశంలోకి పోతుందా? పరువు తక్కువ" అని విప్పించి, మంచం మీద కూర్చుని మళ్ళీ తనే కుట్టింది. మేజోళ్ళు తను అల్లినవే. పైన మీరు పాదాల పైభాగాన్ని కడ్డీల కింద దూర్చి నిలబడతారని పేపర్లో రాశారు కదా, అందుకని అరికాలి వైపు కాకుండా పైవైపు రెండు వరసలు వేసింది. తను చెప్పిన మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "గ్లేబూ, ఒళ్ళు జాగ్రత్త. పని సగంలో వదిలి రాకు. మన ఇంట్లో ఎవరూ అలా చెయ్యలేదు."

ఆ మాట పట్టించుకోకు. సంచిలో ఉన్నది చూసి నీ బుద్ధికి తోచినట్టు చెయ్యి. పంటి జాగ్రత్త.

అక్క


స్టేషన్, ఏప్రిల్ నెలాఖరు

తాయా అక్కకి,

ఊరి పేరు రాద్దామంటే ఉత్తరం మొదలుపెట్టినప్పుడు సముద్రం మీదున్నాను, నీ పేరు రాసేసరికి ఎడారి వచ్చింది.

యెఫిమ్ వాళ్ళు క్షేమంగా వచ్చారు. తలుపు తియ్యగానే వాళ్ళ నౌకలోంచి ఆపిల్ పళ్ళ వాసన కొట్టింది. మేం ముగ్గురం పసిపిల్లల్లా ఎగబడ్డాం. సామాన్లన్నీ వేటి దారిన అవి తేలుతున్నాయి. యెఫిమ్ ఒక్కొక్కటీ పట్టుకుని చేతికిస్తూ "ముందు సంతకం, తర్వాత తిండి" అని అరిచాడు. ఎవరూ వినలేదు.

మన సంచి వెతుక్కోనక్కర్లేకపోయింది. అమ్మ కుట్టు దూరం నుంచే తెలిసిపోయింది. విప్పి, నువ్వు పంపినది చూశాను. పేరు రాయను, నీకు తెలుసుగా. చూసి మనసు కుదుటపడింది. ఇక్కడే ఉంటున్నాను, అక్టోబరు దాకా. అదే రోజు ముగ్గురం దాన్ని రొట్టెతో నంజుకు తిన్నాం. ఆ ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడ కన్నీళ్ళు జారిపోవు, కంటి మీదే బంతిలా నిలబడతాయి. ఒకళ్ళని చూసి ఒకళ్ళం పడీ పడీ నవ్వాం. చాలాకాలం తర్వాత అంత హాయిగా నవ్వాను.

ఖాళీ కుర్చీలో పాత పంపు, తీసిన ఫిల్ములు కట్టి పంపుతున్నాం.

తువ్వాలు సంగతి: ఇంత ఎత్తు నుంచి వోల్గాయే సన్నటి గీత. ఇక తువ్వాలు ఏం కనిపిస్తుంది? కానీ చూశానని చెప్పు. తెల్లగా కనిపించిందని చెప్పు. ఇక నుంచి ఊరి మీదుగా వెళ్ళే ప్రతి సాయంత్రం నేనూ కిటికీ దగ్గర చెయ్యి ఊపుతాను. అదీ చెప్పు.

గ్లేబ్


కీనెష్మా, ఆగస్టు

గ్లేబ్ సవేల్యెవిచ్ గారికి,

ఈ నెల మీకు సామాను తెచ్చే నౌకలో ఇంటి నుంచి ఉత్తరం, సంచి ఉండాలని మీ వాళ్ళు కబురు చేశారు. అందుకని రాస్తున్నాను.

ఇక్కడ అంతా మామూలే. వేసవిలో వానలు బాగా పడ్డాయి. ఫ్యాక్టరీలో కొత్త పొయ్యి పెట్టారు. అగ్రఫేనా వాళ్ళ కంచె పడిపోతే మళ్ళీ నిలబెట్టాం.

సంచిలో బిస్కెట్లు, టీ ఆకు ఉన్నాయి. మీకు హాయిగా నవ్వు తెప్పించేవి ఇంకేం పంపాలో నాకు తెలియదు.

మీ పని మీరు పూర్తి చేసుకోండి. ఇక్కడ ఎవరూ మీ కోసం ఎదురుచూడటం లేదు.

తైసియా


స్టేషన్, ఆగస్టు నెలాఖరు

అక్కా,

ఈ ఉత్తరం మామూలు టపా సంచిలో వెయ్యడం లేదు. సామాను నౌకలో వచ్చి మళ్ళీ దిగుతున్న ముగ్గురిలో కమాండరు చేతిలో పెట్టి, ఎవరికీ చూపించకుండా నీకు పోస్టు చెయ్యమన్నాను. ఆయన తీసుకున్నాడు గానీ నా ముఖం చూడలేదు. వచ్చిన వారం రోజుల్నుంచీ అంతే. అందరితో జోకులేస్తాడు. నేను వెళ్ళగానే ఏదో మీటరు చదువుతున్నట్టు తిరిగిపోతాడు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నన్ను నాన్న పేరు కలిపి "గారు" అన్నావు, కింద తాయా బదులు తైసియా అని పూర్తి పేరు పెట్టావు. చిన్నప్పుడు నీ సైకిలు వోల్గాలో పడేసినప్పుడు కూడా నన్ను కొట్టావు గానీ గారు అనలేదు. నేనేం చేశాను? సంచి కుట్టు కూడా నీదే, ఇంతింత పొడుగు పోగులు. అమ్మ దాన్ని ఇంటి గడప దాటనిచ్చిందా? అమ్మ దాన్ని చూసిందా అసలు?

ఇంక చాటుమాటులు వద్దు. ఏప్రిల్లో సంచి విప్పేసరికి వెల్లుల్లిపాయ ఉంది. మెడకి ఎర్ర ఊలు దారం చక్కగా ముడేసి ఉంది. నాలుగువైపులా వెతికాను, ఉల్లిపాయ లేదు. అందుకే ఉండిపోయాను. యెఫిమ్ కూడా అడిగాడు, "కుర్చీ ఖాళీ ఉందిరా, మీ ఇంట్లో అంతా బాగే కదా?" అని. నేను వాడికి ఆ దారం చూపించి, "ఇదిగో మా అక్క సంతకం" అన్నాను.

ఒక్క రెబ్బ తినకుండా దాచి, మొక్కల పెట్టెలో నాటాను. ఎటు పైకో ఎటు కిందకో తెలియక వంకర్లు తిరిగింది పాపం, కానీ బతికింది. రోజూ సాయంత్రం ఊరి మీదుగా పోయేటప్పుడు చెయ్యి ఊపుతున్నాను. నవ్వుతారని వీళ్ళకి చెప్పలేదు.

నిజం రాయి. లేదా ఏమీ రాయకు, నేను అర్థం చేసుకుంటాను. కానీ గారు అనకు.

గ్లేబ్


కీనెష్మా, సెప్టెంబరు

తమ్ముడూ,

ఇది నీకు పైకి పంపడం లేదు. యెఫిమ్ మొన్న ఇంటికి వచ్చాడు. నువ్వు దిగే చోటికి తను వస్తాడట. "నువ్వు ఏదైనా రాసిస్తే, డాక్టర్లు చెప్పేలోగా వాడి చేతిలో పెడతాను, వాళ్ళు ఏమంటే అది అననీ" అన్నాడు. కాబట్టి దీన్ని చదివేటప్పుడు నువ్వు నేల మీదే ఉంటావు.

అమ్మ జూన్లో పోయింది గ్లేబ్. నిద్రలో కాదు, తెలివిగానే ఉంది. మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది.

మీ వాళ్ళు ఇద్దరు మాస్కో నుంచి వచ్చి, టోపీలు తీసి, దణ్ణం పెట్టి, నీకు చెప్పొద్దని బతిమాలారు. నేను సరే అన్నాను. వాళ్ళ కోసం కాదు. నీకు చెప్పాలనే అనిపించలేదు. నీ మీద నాకు అంత అసహ్యం.

ఎందుకంటే నేను పెట్టింది ఉల్లిపాయ.

మార్చిలోనే డాక్టరమ్మ చెప్పేసింది, వేసవి దాటదని. గంపలోంచి చదునుగా ఉన్న పెద్ద ఉల్లిపాయ తీసి, ఎర్ర దారం కట్టి, మేజోళ్ళ మధ్య పెట్టి నా చేతులతో కుట్టాను. నీ పరుపు ఎండబెట్టాను. తర్వాత రేడియోలో చెప్పారు, ఇద్దరు క్షేమంగా దిగారని. ఇద్దరే. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చూసి మనసు కుదుటపడిందట, నంజుకు తిన్నావట, నవ్వావట. అమ్మ పక్కగదిలో ఆయాసంతో రొప్పుతుంటే నేను ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను.

నిన్న నీ రెండో ఉత్తరం వచ్చింది. "వెల్లుల్లిపాయ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. చాలాసేపటికి గుర్తొచ్చింది. నా కుట్టు బాగాలేదని విప్పించింది అమ్మ కదా. నన్ను టీ పెట్టమని వంటింట్లోకి పంపింది. నేను తెచ్చేసరికి చివరి పోగు కొరుకుతోంది.

నీ జనవరి ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. కవరు అప్పటికే విడిపోయి ఉంది. "ఈమధ్య జిగురు ఏం బాగుండట్లేదు" అంది అమ్మ. మన ఇంట్లో ఏ కవరు జిగురు బాగుంది చెప్పు? అమ్మ ఆ ఉత్తరం చదివేసిందని నాకు అప్పుడే తెలియాల్సింది.

ఆ ఉల్లిపాయ ఏమైందో చెబుతాను. కిటికీ గట్టు మీద మన గాజు జాడీలు ఎప్పుడూ ఉంటాయిగా, నీళ్ళలో ఉల్లిపాయలు పెట్టి ఆకు కోసుకోవడానికి. ఏప్రిల్లో ఒకటి ఎక్కువ కనబడింది. నేను లెక్కపెట్టానా ఏమన్నానా? మే నెలలో ఎండ వచ్చాక అమ్మ పీట వేయించుకుని మెట్ల పక్కన కూర్చుని, సూప్ గరిటెతో మట్టి తవ్వి ఆ ఒక్కదాన్నీ నాటింది. నేను చెయ్యి వెయ్యబోతే "ముట్టుకోకు, నాది" అని కసిరింది. ఆఖరున చేతులతో చేసిన పని అదే. ఆ ఆకే కోసి అమ్మకి సూప్‌లో వేసేదాన్ని. "బాగుందే, ఘాటు పోలేదు" అనేది. అంత్యక్రియల భోజనాల బల్ల మీదా అదే తరిగి పెట్టాను. అందరూ తిన్నారు.

నిన్న నీ ఉత్తరం మడవకుండానే వెళ్ళి గరిటెతో తవ్వాను. మెడ నుంచి జార్చి తీసిందేమో, వేరు కింద ఊలు దారం ముడి విప్పకుండా అలాగే ఉంది. రంగు కాస్త వెలిసింది, అంతే. నా ముడే.

మట్టిలో కూర్చుని ఏడ్చాను. అగ్రఫేనా కంచె మీంచి చూసి, ఇటు వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉండగలిగితే బాగుండేది. తువ్వాలు కనిపించిందని చెప్పమన్నావు. నేను చెప్పలేదు. అమ్మ అడిగింది, "చూశాడటా?" అని. "ఏం రాయలేదు" అన్నాను. నీ మీద కోపం అమ్మ మీద తీర్చుకున్నాను. అయినా మర్నాడూ ఊపింది. లేవలేని రోజుల్లో కిటికీలోంచి ఊపింది. ఆ చివరి సాయంత్రం చెయ్యి లేవకపోతే నేనే అమ్మ చెయ్యి పట్టుకుని ఊపించాను. నీ నక్షత్రం ఆ చివరి నుంచి ఈ చివరికి పోయింది. "వెళ్ళాడా?" అంది. "వెళ్ళాడమ్మా" అన్నాను. అంతే.

తర్వాత కూడా రోజూ ఆ వేళకి నేను పెరట్లోకి వెళ్తూనే ఉన్నాను. ఊపడానికి కాదు. తలెత్తి నిన్ను తిట్టడానికి.

నన్ను ఏమన్నా అను, పడతాను.

అక్క


విశ్రాంతి గృహం, అక్టోబరు

అక్కా,

ఈ వంకర రాత చూసి భయపడకు. ఇన్నాళ్ళు బరువు లేకుండా తేలిన చేతికి పెన్ను బరువుగా ఉంది. కప్పు, దుప్పటి, నా తలకాయ, అన్నీ బరువే. ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. నిన్న గది దాటి వరండా దాకా వెళ్ళాను.

మైదానంలో దిగాం. నన్ను బయటికి లాగి గడ్డి మీద కుర్చీలో కూర్చోబెట్టారు. యెఫిమ్ అందరినీ తోసుకుంటూ వచ్చి నీ ఉత్తరం నా ఒళ్ళో పెట్టి, డాక్టర్లకి అడ్డంగా నిలబడ్డాడు. అంతా చదివాను. ఇక్కడ కన్నీళ్ళు జారతాయి. మర్చిపోయాను ఆ సంగతి.

కోపం లేదని రాయలేను. ఆ కుర్చీ ఖాళీగా వెళ్ళింది అక్కా. నా చేతులతో అందులో పాత పంపు పెట్టి బెల్టు బిగించాను. వచ్చేవాణ్ణి. అమ్మ చెయ్యి పట్టుకునేవాణ్ణి. ఆ అవకాశం అమ్మ నన్ను అడగకుండా లాక్కుంది, పని సగంలో వదలకూడదట. అమ్మ మీద కోపగించుకోవాలంటే ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు. నీ మీద మాత్రం లేదు. నీ చోట నేనుంటే తిట్టడంతో ఆగేవాణ్ణి కాదు.

మన ఇద్దరికీ ఎర్ర దారం కట్టి ఒకరినొకరు అనుమానించుకునేలా చేసి పోయింది. తనకి అది తోచి ఉండదు. నేను నిశ్చింతగా ఉండాలి, రోజూ ఇంటి మీదుగా వెళ్ళాలి, తను ఊపాలి. అంతవరకే ఆలోచించింది.

ఒక మాట రాశావు, తర్వాత కూడా రోజూ పెరట్లో ఉన్నావని. అది చదివాక నాకు కాస్త ఊపిరి ఆడింది. జూన్ తర్వాత కూడా నేను ప్రతి సాయంత్రం కిటికీకి ముక్కు ఆనించి చెయ్యి ఊపాను. అమ్మ లేని పెరటికి ఊపానే అని కుమిలిపోతున్నాను. కానీ అక్కడ నువ్వున్నావు. తిడుతూనే ఉన్నా, ఉన్నావు కదా. నేను ఊపింది నీకే.

ఆ వంకర వెల్లుల్లి మొక్కని పీకి, తడిగుడ్డలో చుట్టి జేబులో తెచ్చాను. ఇక్కడి నర్సు పారెయ్యబోతే అరిచాను. వచ్చే వారం నన్ను వదులుతారు. నేల గడ్డకట్టే లోపల నాటాలి, అది అక్టోబరు పనే కదా, అమ్మ ఎప్పుడూ అప్పుడే నాటేది. మెట్ల పక్కన, ఆ ఉల్లిపాయ దగ్గరే. గొయ్యి నువ్వు తవ్వకు, నేను తవ్వుతాను. నిలబడలేను కాబట్టి పీట వేసి ఉంచు, అమ్మ పీట.

స్టేషన్లో ఇంకా ఇద్దరున్నారు. సాయంత్రం పూట మన ఊరి మీదుగానే పోతారు. దిగేముందు వాళ్ళకి చెప్పాను, కీనెష్మా మీద ఒకసారి చెయ్యి ఊపమని. ఎవరికని అడగలేదు, సరే అన్నారు.

తువ్వాలు ఉతికేశావా? ఉతకకపోతే అలాగే ఉంచు.

గ్లేబ్